విడువలేని వ్యాయామము

బడి పత్రికలలో వ్యాయామమును గూర్చి వ్రాయువారందరును, పిల్లలు చాలినంత వ్యాయామము చేయుట లేదనియే వ్రాయుదురు. అది నిజమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వెలువరించిన సూచనలలో, 5 మొదలు 17 ఏండ్ల వరకు గల పిల్లలు సగటున దినమునకు 60 నిమిషములు ఒడలు శ్రమించునట్లు ఆడవలెననియు, పరుగిడవలెననియు చెప్పబడినది. పరీక్షలు దగ్గరపడగానే వ్యాయామపు గంటను గణితమున కప్పగించు వాడుక పలుచోట్ల నున్నంతకాలము ఆ లెక్క తీరునది కాదు. అయినను ఈ యేటి సంచికలో తల్లిదండ్రులకు మేము మనవి చేయగోరినది వేరొక సంగతి. వ్యాయామము చేయని పిల్లల నడుమ, వ్యాయామము మానలేని పిల్లలును కొందరున్నారు. వారు కొద్దిమందియే. కాని వారి బాధ చూచువారికి బాధగా తోచదు. అందుచేతనే అది ముదురును.

కుమారుడు పేకాటకు మరగినచో ఇంటిల్లిపాదియు దిగులుపడుదురు. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి పరుగునకు పోవు కుమారుని చూచి దిగులుపడు తల్లి ఎచ్చట నుండును? బంధువులు మెచ్చుకొందురు. పొరుగువారు తమ పిల్లలను మందలించునపుడు వాని పేరెత్తుదురు. ఇంతమంది మెచ్చుకొనుచున్న పనిని మానలేక బాధపడుచున్నానని ఆ పిల్లవాడు ఎవరితో చెప్పుకొనగలడు?

ఎక్కువ వ్యాయామము చేయుటయే వ్యాధి యని మేము చెప్పుట లేదు. పందెములకు సిద్ధపడు ఆటగాడు దినమునకు మూడు గంటలైనను శ్రమించును. జ్వరము వచ్చిన దినమున పండుకొనును. గురువు వలదన్న దినమున ఆగును. ఎంతసేపు చేయుచున్నాడను లెక్క కంటె, ఆగుమన్నపుడు ఆగగలడా యనునది ముఖ్యము. ఆగిన దినమున వాని మనస్సు ఎట్లుండునో చూడవలెను. ఒక పూట తప్పినందుకు నిద్రపట్టక, అన్నము ముట్టక, తల్లిపై విరుచుకుపడినచో, అచ్చట వ్యాయామము వాని చేతిలో లేదు. వాడే దాని చేతిలో నున్నాడు.

ఈ సంగతి వైద్యుల కంటబడిన తీరు చిత్రముగా నున్నది. 1970లో అమెరికాలో బేక్‌లండ్ అను మనోవైద్యుడు, వ్యాయామము మానినచో నిద్ర యెట్లు మారునో పరీక్షింపదలచెను. ఒక నెల మానుటకు ఒప్పుకొన్నవారికి సొమ్మిత్తునని చెప్పెను. ప్రతిదినము వ్యాయామము చేయువారు సొమ్మిచ్చెదనన్నను ఒప్పుకొనరైరి. తుదకు వారమునకు మూడు నాలుగు దినములు మాత్రమే చేయువారితో పరీక్ష సాగింపవలసివచ్చెను. వారికి సైతము ఆ నెలలో నిద్ర చెడినది, మనస్సు కలతపడినది. 1976లో గ్లాసర్ అను మరియొక మనోవైద్యుడు పరుగు వంటివి మంచి వ్యసనములని పుస్తకమే వ్రాసెను. మూడేండ్లకు, అనగా 1979లో, మోర్గన్ అను శాస్త్రజ్ఞుడు పరుగు చెడు వ్యసనము కూడ కాగలదని, గాయపడియు ఆగలేనివారిని చూపి వాదించెను. 1993లో పోప్ మొదలగువారు కండలు పెంచు పురుషులను 108 మందిని పరిశీలించి, ఎంత బలిసినను తాము బక్కగా నున్నామని క్రుంగువారు అందులో కొందరున్నట్లు కనుగొనిరి. 2013లో అమెరికా మనోవైద్యుల సంఘము ప్రచురించిన వ్యాధుల పట్టికలో ఈ చివరిదానికి చోటు దొరికినది గాని, విడువలేని వ్యాయామమునకు ప్రత్యేకముగా ఒక పేరు లేదు. కావున మీ పిల్లవానిని చూచిన వైద్యుడు ఆందోళన యనియో, తిండికి సంబంధించిన వ్యాధి యనియో, చేసినదే మరల మరల చేయించు వ్యాధి యనియో చెప్పినచో తికమకపడవలదు.

మన పూర్వులు దీనిని ఎరుగనివారు కారు. బలముగలవాడు సైతము తన శక్తిలో సగము మేరకే వ్యాయామము చేయవలెననియు, అదియు చలికాలమునను వసంతమునను మాత్రమే ననియు, తక్కిన ఋతువులలో ఇంకను తగ్గింపవలెననియు వాగ్భటుడు అష్టాంగహృదయమున విధించెను. చరకుడు అతివ్యాయామమువలన కలుగు కీడులను వేరుగా చెప్పియున్నాడు. కోడి రామమూర్తినాయుడు గారనగానే మనకు ఏనుగును రొమ్ముపై నెక్కించుకొన్న సర్కసు వీరుడే తలపునకు వచ్చును గాని, ఆయన చెన్నపట్టణపు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది విజయనగరములో వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేసినవాడని తలచువారు తక్కువ. బలమునకును గురువు కావలెను. తాలింఖానాలో దండీలు, బస్కీలు లెక్కించువాడు ఉస్తాదే, చాలుననువాడును ఉస్తాదే. నేడు పిల్లవాని చేతి గడియారము వాడు వేసిన అడుగులన్నియు లెక్కించును. చాలుననుట దానికి చేతకాదు.

ఇక మా యెరుకలో జరిగిన యొక సంగతి. ఆ కుటుంబమువారి యనుమతితో, ఆనవాలు పట్టరాకుండ కొన్ని వివరములు మార్చి వ్రాయుచున్నాము.

పొదటూరుపేట వైపు గ్రామమునుండి వచ్చి, తిరుత్తణిలో మేనమామ యింట నుండి చదువుకొనుచుండిన బాలుడు. తండ్రి మరమగ్గములపై పనిచేయువాడు. పిల్లవాడు పదునైదవ యేట తెల్లవారుజామున సుబ్రహ్మణ్యస్వామి కొండ మెట్లెక్క నారంభించెను. సంవత్సరములోని దినమునకు ఒకటి చొప్పున 365 మెట్లని మన ప్రాంతమువారందరు ఎరిగినదే. మొదట ఒకమారు ఎక్కి దిగెడివాడు. దసరా నాటికి మూడుమార్లయినది. సంక్రాంతి నాటికి అయిదుమార్లు, అనగా ఎక్కునవి 1825 మెట్లు, దిగునవియు అన్నియే. నడుమ లెక్క తప్పినచో మరల మొదటి మెట్టునుండి. రాత్రి అందరు పండుకొన్న పిదప మిద్దెపై బస్కీలు. ఊరివారు దీనిని భక్తి యనుకొనిరి. మేనమామ యొకనాడు వెంటపోయి చూడగా, పిల్లవాడు పైమెట్టును కాలితో తాకి వెనుదిరుగుచుండెను. అన్ని నెలలలో ఒక్కనాడును గుడిలోనికి పోలేదట. అడిగినందుకు, "లోపలికి పోతే టైము పోతుంది మామా" అనెనట.

క్రమముగా ఒడలు చిక్కినది. ఇడ్డెనులు ఇన్ని తింటిని గావున మెట్లు ఇన్ని యెక్కవలెనను లెక్క మొదలయినది. నగరిలో బంధువుల పెండ్లికి పోయి, ముహూర్తమునకు ముందు కనబడకుండపోయెను. ఊరి వెలుపల బాటవెంట పరుగెత్తుచుండగా వెదకి తీసికొనివచ్చిరి. మోకాలి క్రిందియెముక నొప్పిపెట్టుచున్నను గుడ్డచుట్టి పరుగెత్తుచుండెను. అర్ధసంవత్సర పరీక్షలలో గణితము వ్రాయుచు, తనకు వచ్చిన లెక్కలనే విడిచి, గంటముందుగా లేచిపోయెను. పొద్దుగూకునంతలో పరుగు పూర్తికావలెనని కారణము. ఆ దినముననే మేము తల్లిదండ్రులను పిలిపించితిమి.

తండ్రి మాటలు మాకిప్పటికిని జ్ఞాపకమున్నవి. "వాడికి ఏ చెడ్డ అలవాటూ లేదు సార్. బీడీ ముట్టడు, సినిమాకు పోడు. రేపు పోలీసు సెలక్షనుకు పోవాలంటే పరుగెత్తవద్దా?" అని ఆయన అడిగెను. తండ్రి యడిగినదానిలో తప్పులేదు. అందుచేత మేము లెక్కతోనే బదులు చెప్పితిమి. తమిళనాడు పోలీసు ఎంపికలో మగవారు 1500 మీటర్లు 7 నిమిషములలో పరుగెత్తవలెను. ఆరోగ్యముగల పడుచువానికి వారమునకు నాలుగైదు దినముల సాధనతో అది సాధ్యమగును. చెడిన కాలితో వచ్చినవానిని ఎవరును ఎంపిక చేయరు. మనోవైద్యునకు చూపింపవలెనని మేము చెప్పగానే ఆయన ముఖము మారినది. "మావాణ్ణి కీళ్పాక్కం పంపమంటారా సార్?" అనెను. కీళ్పాకములోని మానసిక వైద్యశాల 1794లో ఏర్పడినది. రెండువందల యేండ్లకు పైబడి రోగులకు సేవచేయుచున్న ఆ చోటి పేరును మన ప్రాంతమున తిట్టుగా వాడుచున్నారు. ఈ వాడుక ఇండ్లలో పోనంతవరకు పిల్లలు తమ మనస్సులోని బాధను మనతో చెప్పరు.

ముందుగా ఎముకల వైద్యునకు చూపిరి. ఎముకలో సన్నని చీలిక యున్నది. ఆరు వారములు కదలరాదని ఆయన చెప్పెను. మూడవ దినముననే పిల్లవాడు మంచముపై పండుకొని చేతులతో బరువులెత్తుచు దొరికెను. రాత్రులు నిద్రలేదు. తల్లిని తిట్టి, తిట్టినందుకు ఏడ్చెడివాడు. సోమరితనముతో ఏడ్చు పిల్లవానిని చూచితిమి గాని, విశ్రాంతి నిచ్చినందుకు ఏడ్చినవానిని తాను చూడలేదని తండ్రి మాతో ననెను. తరువాత ఆయనను ఒప్పింపవలసిన పనిలేకపోయినది.

చెన్నపట్టణమున ఒక ప్రభుత్వాసుపత్రి మనోవైద్య విభాగమునకు తీసికొనిపోయిరి. అచ్చట మొదట మనస్సును గూర్చి అడుగలేదు. బరువు తూచి, నాడి చూచి, రక్తము పరీక్షించి, తిండి ఎంత, నిద్ర ఎంత అని అడిగిరి. ఒడలు ఎండినవానితో మనస్సును గూర్చి మాటలాడుట అక్కరకు రాదని వైద్యుడు చెప్పెనట. ఆందోళన తగ్గుటకు కొన్ని నెలలు మాత్రలిచ్చిరి. వానిని తమంతట తాము ఆపరాదని గట్టిగా చెప్పిరి. అటుపిమ్మట వారమున కొకమారు మనస్తత్వ నిపుణురాలి యొద్ద గంటసేపు కూర్చుండి మాటలాడుట. చికిత్స యనగా ఇదియే. మాటలకు చికిత్స యని పేరేమిటని అడుగు తల్లిదండ్రుల కొరకే ఈ భాగమును కొంచెము విస్తరించి వ్రాయుచున్నాము.

మొదటి మూడు వారములును పిల్లవాడు తమిళమున మాటలాడెను. తమిళము వానికి చక్కగా వచ్చును. కాని చెప్పినదంతయు మెట్లు, మీటర్లు, నిమిషములు. నాలుగవ వారము తల్లి తోడుగా పోయినది. ఆ నిపుణురాలికి తెలుగు వచ్చును. తల్లితో తెలుగున మాటలాడుచు, ఇంటిలో ఎవరెవరుందురని అడిగినది. తాత యొకడుండెడివాడని తల్లి చెప్పగానే పిల్లవాడు తలవంచుకొనెను. తాతకు చక్కెరవ్యాధి ముదిరి కాలు తీసివేసిరి. ఏడాది తిరుగకమున్నే పోయెను. నడిచియుండినచో బ్రతికెడివాడని కర్మనాడు ఎవరో అన్న మాట, పదుమూడేండ్ల పిల్లవాని చెవిని బడినది. తాను ఆగినచో ఇంటిలో మరియొకరికి అట్లే జరుగునని వాడు లోలోపల నమ్మియుండెను. మెట్ల లెక్క ఆ భయమునకు చెల్లించు కప్పము. తమిళము వాని బడి, బజారు, స్నేహితులు. తాత తెలుగు. ఈ మాట తల్లియే మాతో చెప్పినది.

భయమేమో తెలిసినంతమాత్రమున అది పోదు. అసలు పని అప్పటినుండి మొదలయినది. ఒక నోటుబుక్కు నిచ్చి, పరుగెత్తవలెనని మనస్సు లాగినపుడెల్ల ఆ లాగుడు ఎంత బలముగా నున్నదో సున్నమొదలు పదివరకు అంకె వేయుమనిరి. ఆగినచో ఏమగునని భయపడుచున్నాడో ఒక ప్రక్కను, మరునాడు నిజముగా ఏమి జరిగినదో రెండవ ప్రక్కను వ్రాయవలెను. ఎముక అతికిన పిదప వైద్యుని యనుమతితో ఒకమారు కొండ యెక్కనిచ్చి, ఒక కట్టుబాటు పెట్టిరి. 364 మెట్లెక్కి, కడపటి మెట్టు తాకక, అచ్చటనే కూర్చుండవలెను. వినుటకు ఇది ఆటవలె నుండును. ఆ బాలుడు చెమటలు పట్టి, చేతులు వణకుచు, మేనమామ ప్రక్కను కూర్చుండి తొమ్మిది యని వ్రాసెను. ఇరువది నిమిషములకు ఆరు. నలువది నిమిషములకు మూడు. మరునాడు ఇంటిలో ఎవరికిని ఏమియు కాలేదు. దానిని కూడ వ్రాసెను. లాగుడునకు లొంగనిచో అది పెరుగుచునే యుండునని వాని భయము. పెరిగి తనంతట తానే తగ్గునని వాడు కన్నులార చూచినది ఆనాడే. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ యను పేరుతో పిలుచు పద్ధతిలో సారమిది. ఉపదేశముతో పని లేదు. నమ్మినదానిని పరీక్షించి చూచుకొనుట నేర్పుదురు.

తరువాత వారమున కొక దినము, పిమ్మట రెండు దినములు పూర్తి విశ్రాంతి. మిత్రులతో మాటలాడుచు, లెక్క పెట్టక నడచుట. చేతి గడియారమును తానే తీసి మేనమామ పెట్టెలో పెట్టెను. ఇంటివారికిని పనులు చెప్పిరి. నేడెన్ని మెట్లని మామ అడుగరాదు. చిక్కితివని గాని, ఒళ్లు చేసితివని గాని ఎవరును అనరాదు. మెచ్చుకొనవలదు, తిట్టవలదు. రాత్రి భోజనము అందరును కలిసి చేయవలెను. మరమగ్గము ఆగినచో కూలి ఆగు ఇంటిలో అందరు ఒక్కవేళకు కూర్చుండుట తేలిక కాదు. అయినను తండ్రి రాత్రిపాళీ మార్పించుకొనెను.

నడుమ ఒకమారు వెనుకకు జారెను. తల్లికి జ్వరము తగిలిన రెండు వారములు మరల తెల్లవారుజామున కొండకు పోయి మూడేసిమార్లు ఎక్కెను. తండ్రి ఇక బాగుపడడని నిస్పృహ చెందెను. నిపుణురాలు మాత్రము, ఆ రెండు వారముల లెక్కను దాచక నోటుబుక్కులో వ్రాసికొని వచ్చినందుకు సంతోషించినదట. పూర్వము వాడు దాచెడివాడు.

ఆ డిసెంబరు 31న తిరుత్తణిలో మెట్ల పండుగ. భజన బృందములు మెట్టు మెట్టునకు ఆగి, కర్పూరము వెలిగించి, పాట పాడి పైమెట్టునకు పోవును. తల్లితో కలిసి తానును పోయెదనని పిల్లవాడే చెప్పెను. ఎవరును చెప్పిన పని కాదు. పది నిమిషములలో ఎక్కు కొండను ఎక్కుటకు గంటలు పట్టినది. నూరు దాటిన పిదప లెక్క మరచితినని తరువాత మాతో చెప్పెను. ఆ రాత్రి లోనికి పోయి స్వామిని చూచెను.

మొత్తము మీద పదునొకండు నెలలు పట్టినది. ఇప్పుడు పై చదువులో నున్నాడు. వారమునకు నాలుగు దినములు తోడివారితో వాలీబాలు ఆడును. ఇంటిలో ఎవరికైన సుస్తీ చేసినచో కాళ్లు కొండవైపు లాగుచున్నవని యిప్పటికిని చెప్పును. పరీక్షలనాడు లాగుడు లేదట.

ఆడపిల్లలలో ఇది తిండి తగ్గించుటతో కలిసి వచ్చుట కలదు. శ్రమకు తగిన ఆహారము లేనిచో ఋతుస్రావము నిలిచిపోవును, ఎముకలు బలహీనపడును. అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము 2014లో ఈ స్థితికి ప్రత్యేకముగా పేరుపెట్టి క్రీడావైద్యులను హెచ్చరించినది. అది మగపిల్లలకును రావచ్చునని అందులోనే చెప్పినది. వరుసగా మూడు నెలలు ఋతుస్రావము ఆగిన బాలికను, ఆటలలో బహుమతులు తెచ్చుచున్నదని ఊరకుండక, వైద్యురాలికి చూపవలెను. జిమ్మునకు పోవు పెద్దపిల్లల తల్లిదండ్రులు, పిల్లవాడు అద్దమునొద్ద గడుపు కాలమును, కొనితెచ్చు పొడి డబ్బాలను గమనించినచో చాలును.

సహాయమునకు ఎచ్చటికి పోవలెనను ప్రశ్న మిగిలినది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము క్రింద ప్రభుత్వాసుపత్రులలో మనోవైద్యులు చూచుదురు. తిరువళ్లూరులో గాని తిరుత్తణిలో గాని ప్రభుత్వాసుపత్రికి పోయి విచారించినచో ఏ దినమున చూచెదరో చెప్పుదురు. 2022 అక్టోబరునుండి కేంద్ర ప్రభుత్వము నడుపుచున్న టెలీ మానస్ అను సేవ కలదు. 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో రాత్రింబవళ్లు, ఖర్చులేకుండ, మాటలాడవచ్చును. తెలుగున మాటలాడువారు కావలెనని మొదటనే చెప్పవలెను. పోలీసు ఉద్యోగము రాదేమో, సంబంధములు కుదరవేమో యని జంకువారికొక మాట: 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము ప్రకారము రోగి వివరములను వైద్యులు రహస్యముగా నుంచవలెను. మేము విద్యార్థి రికార్డులలో ఇట్టి సంగతులను వ్రాయము.

ఈ విషయమై మాతో మాటలాడదలచిన తల్లిదండ్రులు శనివారము మధ్యాహ్నము బడికి రావచ్చును. పిల్లవానికి తెలియకుండ రావలదు. పోవుచున్నామని వానితో చెప్పియే రండు. రానిష్టపడినచో వానిని కూడ తీసికొనిరండు.